గ్యాప్ సాఫ్ట్‌వేర్ సమీక్ష: గ్రూపు రిప్రజెంటేషన్ల నుంచి ఆల్జీబ్రాల దాకా

ప్రస్తారాలను గుణించడానికీ, సిలో ఉపగ్రూపులు వెతకడానికీ పనికొచ్చే సాఫ్ట్‌వేర్‌గా గ్యాప్ పేరు ఎమ్మెస్సీ గణితం చదివిన చాలామంది వినే ఉంటారు. దానికి ఇంకో పెద్ద ఉపయోగం ఉంది, దాని గురించి తెలుగులో రాసినవాళ్లు తక్కువ. ఒక గ్రూపునీ ఒక క్షేత్రాన్నీ తీసుకుని, గ్రూపు సభ్యులనే ఆధారంగా పెట్టి, క్షేత్రంలోని గుణకాలతో మొత్తాలు రాస్తే గ్రూప్ ఆల్జీబ్రా వస్తుంది. ఆ క్షేత్రం మీద గ్రూపుకి రిప్రజెంటేషన్ (గుణకారం చెడకుండా ప్రతి సభ్యానికీ ఒక మాత్రికని ఇవ్వడం) అన్నా, ఈ ఆల్జీబ్రా మీద మాడ్యూల్ (ఆల్జీబ్రా సభ్యులు గుణకారంతో పనిచేసే సదిశాంతరాళం) అన్నా విషయం ఒకటే. ఫ్రొబేనియస్ 1896లో మొదలుపెట్టిన క్యారెక్టర్ల (ఆ మాత్రికల వికర్ణ మొత్తాల) లెక్కనీ, వెడర్‌బర్న్ ఆల్జీబ్రాల సిద్ధాంతాన్నీ 1929లో ఎమ్మీ నోతర్ కలిపి చూపించింది ఈ దారిలోనే. కాబట్టి ఈ రంగంలో ఒక సాఫ్ట్‌వేర్‌ని తూచాలంటే అడగాల్సిన ప్రశ్న ఇది: గ్రూపు వైపు నుంచి ఆల్జీబ్రా వైపుకి, అటు నుంచి మళ్లీ ఇటుకి అది మనల్ని ఎంత తేలిగ్గా తీసుకెళ్తుంది? గ్యాప్ ఈ పని బాగా చేస్తుంది, ఉచితంగా చేస్తుంది. అయితే ఏ ప్రశ్నని దేన్ని అడగాలో వాడేవాళ్లకి తెలిసి ఉండాలి. తప్పు చోట అడిగితే రెండు నిమిషాల పని రాత్రంతా నడిచి, చివరికి మెమరీ చాలక ఆగిపోతుంది.

1986లో జర్మనీలోని ఆఖెన్‌లో యోఆకిమ్ నాయ్‌బ్యూజర్ బృందం దీన్ని మొదలుపెట్టింది. 1997లో నిర్వహణ స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌కి మారింది, ఆ తర్వాత పలు విశ్వవిద్యాలయాలు కలిసి నడుపుతున్నాయి. జీపీఎల్ లైసెన్సు కాబట్టి రూపాయి ఖర్చు లేదు, సోర్సు కోడ్ మొత్తం చదువుకోవచ్చు. పరిశోధన ఫలితాన్ని కంప్యూటర్ మీద ఆనించి చెప్పేవాళ్లకి ఈ రెండో సౌకర్యం చాలా పెద్దది.

ఒక గమనిక. ఆదేశాల పేర్లను ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాం. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో, పదాల మధ్య ఖాళీ లేకుండా, ప్రతి పదం మొదటి అక్షరాన్ని పెద్దదిగా కొట్టాలి (‘క్విట్’, ‘మాడ్’ మాత్రం అన్నీ చిన్న అక్షరాలే). చిన్న అక్షరం, పెద్ద అక్షరం తేడాని గ్యాప్ పట్టించుకుంటుంది.

ఇన్‌స్టాల్ చేయడం ఉబుంటులో ఒక్క ఆదేశంతో అయిపోతుంది గానీ, అలా వచ్చేది పాత వెర్షన్ కావచ్చు, ప్యాకేజీలన్నీ రాకపోవచ్చు. పూర్తి ఆర్కైవ్‌ని అధికారిక సైటు నుంచి దించుకుని, విప్పి, కాన్ఫిగర్, మేక్ నడిపి, ఆ తర్వాత ప్యాకేజీల ఫోల్డరులోకి వెళ్లి ‘బిల్డ్ ప్యాకేజెస్’ స్క్రిప్టు నడపడం మేలు. చాలామంది ఈ చివరి మెట్టు వదిలేస్తారు. అప్పుడు సీ భాషలో రాసిన భాగాలున్న ప్యాకేజీలు కంపైల్ కావు, ‘లోడ్ ప్యాకేజ్’ అని అడిగితే ‘ఫెయిల్’ అని మాత్రం వస్తుంది, కారణం చెప్పదు. కారణం కావాలంటే ‘డిస్‌ప్లే ప్యాకేజ్ లోడింగ్ లాగ్’ నడపాలి. ఏ ఆధారం లేక ఆగిందో అక్కడ కనిపిస్తుంది. విండోస్ వాడేవాళ్లకి ఇన్‌స్టాలర్ ఉంది, అయితే ప్యాకేజీలన్నీ కావాలనుకుంటే డబ్ల్యుఎస్ఎల్‌లో లినక్స్ పెట్టుకుని అందులో వేసుకోవడమే సుఖం.

కొత్తవాళ్లు మొదట ఆగిపోయేది సెమీకోలన్ దగ్గర. అది పెట్టకపోతే గ్యాప్ ఇంకా వాక్యం ముగియలేదనుకుని ఊరికే ఎదురుచూస్తుంది. రెండు సెమీకోలన్లు పెడితే లెక్క జరుగుతుంది, జవాబు తెరమీద పడదు. పెద్ద గ్రూప్ ఆల్జీబ్రాల పని చేసేటప్పుడు ఈ అలవాటు తప్పనిసరి. విలువ ఇవ్వడానికి కోలన్, సమానం గుర్తులు కలిపి కొట్టాలి, ఒట్టి సమానం గుర్తు పోలికకి మాత్రమే. ఏదైనా తప్పు జరిగితే ప్రాంప్టు మారిపోయి బ్రేక్ లూప్‌లోకి దిగుతుంది. అక్కడే కొత్త ఆదేశాలు కొడుతూ పోతే లూపులో లూపు పేరుకుంటుంది, ప్రతిసారీ ‘క్విట్’ కొట్టి బయటికి రావాలి. ఇంకోటి, ‘డైహెడ్రల్ గ్రూప్’కి ఇచ్చే సంఖ్య గ్రూపు పరిమాణం, బహుభుజి భుజాల సంఖ్య కాదు. చతురస్రం సౌష్ఠవాల గ్రూపు కావాలంటే 8 ఇవ్వాలి, 4 ఇస్తే క్లైన్ గ్రూపు వస్తుంది.

వీటన్నిటికంటే లోతైన ఇబ్బంది గుణకారం దిశలో ఉంది. గ్యాప్ ప్రస్తారాలను ఎడమ నుంచి కుడికి గుణిస్తుంది. (1,2), (2,3)లను ఆ వరుసలో గుణిస్తే (1,3,2) వస్తుంది. కుడి నుంచి ఎడమకి గుణించే పాఠ్యపుస్తకాల్లో అదే లబ్ధం (1,2,3). దీనికి తగ్గట్టు మాత్రికలు కూడా అడ్డు వరుస సదిశలమీద కుడివైపు నుంచి పనిచేస్తాయి, అంటే గ్యాప్‌లో ఇలా మాత్రికలతో కట్టే గ్రూపు మాడ్యూళ్లు కుడి మాడ్యూళ్లే. పుస్తకంలోని మాత్రికలను యథాతథంగా ఎక్కించి ‘గ్రూప్ హోమోమార్ఫిజమ్ బై ఇమేజెస్’ అడిగితే కొన్ని గ్రూపులకు ‘ఫెయిల్’ వస్తుంది. అసలు ప్రమాదం మిగతా గ్రూపుల దగ్గర. మూడు అంకెల ప్రస్తారాల గ్రూపు ఎస్3 జనకాలు రెండూ ట్రాన్స్‌పొజిషన్లే (రెండు అంకెలను మాత్రం తారుమారు చేసేవే) అయితే ఎర్రర్ రాదు, కానీ (1,2,3) మాత్రికా (1,3,2) మాత్రికా తారుమారై కూర్చుంటాయి. విరుగుడు చిన్నదే: జనక మాత్రికలన్నిటికీ ట్రాన్స్‌పోజ్ తీసుకోవాలి. ట్రాన్స్‌పోజ్ గుణకారం వరుసని తిప్పేస్తుంది కాబట్టి లెక్క సరిపోతుంది. పేరు చివర ‘ఎన్‌సీ’ ఉన్న ఆదేశాల జోలికి మొదట్లో పోవద్దు. అవి తనిఖీ చేయకుండానే మన మాట నమ్మేస్తాయి.

ఇక క్యారెక్టర్ టేబుళ్లు. గ్యాప్‌లో అత్యంత పరిపక్వమైన భాగం ఇదే. ‘క్యారెక్టర్ టేబుల్’, ‘ఇర్’, ‘డిస్‌ప్లే’ అనే మూడు ఆదేశాలతో చాలా దూరం వెళ్లొచ్చు. సున్నా బదులు చుక్క కనిపిస్తుంది, కరణీయ విలువల బదులు అక్షరాలు వేసి వాటి అర్థం కింద ఇస్తుంది. ఏ5 (ఐదు అంకెల సరి ప్రస్తారాల గ్రూపు) టేబుల్‌లో 3 పరిమాణం ఉన్న రెండు క్యారెక్టర్ల దగ్గర అలా దాక్కుని ఉండేది 5 వర్గమూలమే. జాగ్రత్త పడాల్సింది వరుసల క్రమం దగ్గర. ట్రివియల్ క్యారెక్టర్ (అన్నిచోట్లా విలువ 1 ఉన్నది) ఎప్పుడూ మొదటి వరుసలో ఉంటుందనుకుంటే దెబ్బ తింటారు. సిమెట్రిక్ గ్రూపుల టేబుల్‌ని గ్యాప్ పార్టిషన్ల క్రమంలో కడుతుంది, అందువల్ల ఎస్3లోనూ ఎస్4లోనూ ట్రివియల్ క్యారెక్టర్ చివరి వరుసలో వస్తుంది. ప్రోగ్రాములో ‘మొదటి వరుస’ అని రాయకుండా ‘ట్రివియల్ క్యారెక్టర్’ ఆదేశం వాడాలి. అలాగే లైబ్రరీ నుంచి పేరుతో తెచ్చుకున్న ఏ5 టేబుల్‌కీ, మనం కట్టిన ఏ5 గ్రూపు నుంచి లెక్కించిన టేబుల్‌కీ కాంజుగసీ తరగతుల వరుస ఒకటే ఉండాలన్న నియమం లేదు. రెంటినీ కలిపి వాడాలంటే ‘క్యారెక్టర్ టేబుల్ విత్ స్టోర్డ్ గ్రూప్’ ఉంది.

ఈ టేబుల్ ఎక్కడ నుంచి వస్తుందో చూస్తే ఆల్జీబ్రా బయటపడుతుంది. ఒక కాంజుగసీ తరగతిలోని సభ్యులన్నిటినీ కూడితే గ్రూప్ ఆల్జీబ్రా కేంద్రంలో ఒక సభ్యం వస్తుంది. అలాంటి తరగతి మొత్తాలే ఆ కేంద్రానికి ఆధారం. ఎస్3 తీసుకుందాం. మూడు ట్రాన్స్‌పొజిషన్ల మొత్తాన్ని ట అనీ, రెండు మూడు-చక్రాల మొత్తాన్ని చ అనీ అంటే, ట వర్గం 3 + 3చ, ట, చ లబ్ధం 2ట, చ వర్గం 2 + చ. ఈ గుణకాలను గ్యాప్‌లో ‘క్లాస్ మల్టిప్లికేషన్ కోఎఫిషియెంట్’ ఇస్తుంది. ఈ సమీకరణాలను తీర్చే సంఖ్యల జతలు మూడే: ట=3, చ=2; ట=−3, చ=2; ట=0, చ=−1. తరగతి పరిమాణంతో భాగించి క్యారెక్టర్ డిగ్రీతో గుణిస్తే టేబుల్‌లోని మూడు వరుసలూ వచ్చేస్తాయి. మూడో జతకి డిగ్రీ 2, కాబట్టి మూడు-చక్రం మీద విలువ −1 భాగం 2, ఇంటూ 2, అంటే −1. డిక్సన్ 1967లో చూపిన పద్ధతి ఇదే పనిని ఒక ప్రధాన సంఖ్య మాడ్యులోగా చేస్తుంది. ఆ ప్రధాన సంఖ్య నుంచి 1 తీసేస్తే గ్రూపు ఎక్స్‌పొనెంట్‌తో భాగింపబడాలి, అది గ్రూపు పరిమాణం వర్గమూలానికి రెట్టింపు కంటే పెద్దదై ఉండాలి. ఎస్3కి ఎక్స్‌పొనెంట్ 6, వర్గమూలం రెట్టింపు 4.9 దగ్గర, కాబట్టి 7 సరిపోతుంది. గ్యాప్ సాధారణ గ్రూపులకు వాడేది దీన్ని ష్నైడర్ మెరుగుపరచిన రూపం. సూపర్‌సాల్వబుల్ గ్రూపులైతే బౌమ్, క్లౌజన్ పద్ధతికి తనంతట తానే మారుతుంది. తరగతుల సంఖ్య ఎక్కువై డిక్సన్ పద్ధతి నెమ్మదించినప్పుడు ‘ఇండ్యూస్ రెడ్యూస్’ అనే ప్యాకేజీ ఎక్కించి చూడాలి, చాలాచోట్ల తేడా స్పష్టంగా తెలుస్తుంది.

టేబుల్ లైబ్రరీ గురించి ఒక్క మాట. మాన్‌స్టర్ గ్రూపు టేబుల్‌ని పేరు కొట్టగానే తెస్తుంది, 194 వరుసలు, 194 నిలువులు, రెండో డిగ్రీ 1,96,883. ఆ గ్రూపుని కట్టి చూసే పని లేకుండానే దాని క్యారెక్టర్లను గుణించి విడగొట్టుకోవచ్చు.

ఇప్పుడు ఈ సమీక్షకి గుండెకాయ లాంటి ఉదాహరణ. పరిమాణం 8 ఉన్న డైహెడ్రల్ గ్రూపు, క్వాటర్నియన్ గ్రూపు రెంటికీ క్యారెక్టర్ విలువల పట్టిక ఒకటే. సంకీర్ణ సంఖ్యల మీద గ్రూప్ ఆల్జీబ్రాలు కూడా ఒకటే: సంకీర్ణ సంఖ్యల క్షేత్రం నాలుగుసార్లు, 2×2 మాత్రికల ఆల్జీబ్రా ఒకసారి. మరి తేడా ఎక్కడ తేలుతుంది? క్షేత్రాన్ని అకరణీయ సంఖ్యలకి కుదించినప్పుడు తేలుతుంది. ‘వెడర్గా’ ప్యాకేజీ ఎక్కించి, ‘గ్రూప్ రింగ్’తో ఆల్జీబ్రా కట్టి, ‘వెడర్‌బర్న్ డికంపొజిషన్’ అడగండి. డైహెడ్రల్ గ్రూపుకి నాలుగు అకరణీయ క్షేత్రాలు, ఒక 2×2 మాత్రికల ఆల్జీబ్రా వస్తాయి. క్వాటర్నియన్ గ్రూపుకి ఆ నాలుగూ వచ్చి, మాత్రికల చోట ఒక క్రాస్డ్ ప్రాడక్ట్ వస్తుంది. ‘వెడర్‌బర్న్ డికంపొజిషన్ ఇన్ఫో’ అడిగితే దాన్నే సంఖ్యల్లో ఇస్తుంది: 1, రేషనల్స్, 4, ఆ పక్కన బ్రాకెట్లో 2, 3, 2. చదివే పద్ధతి ఇది. 1కి 4వ మూలాన్ని, అంటే ఐ ని, అకరణీయ సంఖ్యలకి చేర్చాలి. దానితోపాటు పరిమాణం 2 ఉన్న గ్రూపు నుంచి ఒక కొత్త సభ్యం వస్తుంది, అది ఐ ని దాని మూడో ఘాతానికి, అంటే −ఐ కి పంపుతుంది, దాని వర్గం ఐ వర్గం, అంటే −1. హామిల్టన్ క్వాటర్నియన్ల నియమాలే ఇవి.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. క్రాస్డ్ ప్రాడక్ట్ అని కనిపించగానే అది డివిజన్ ఆల్జీబ్రా (సున్నా కాని ప్రతి సభ్యానికీ విలోమం ఉన్నది) అనుకోకూడదు. అది లోపల మాత్రికల ఆల్జీబ్రాయే అయి ఉండొచ్చు. తేల్చుకోవడానికి ‘వెడర్‌బర్న్ డికంపొజిషన్ విత్ డివ్ ఆల్గ్ పార్ట్స్’ అనే ఆదేశం ఉంది. క్వాటర్నియన్ గ్రూపుకి షూర్ ఇండెక్స్ 2 అనీ, 2 దగ్గరా అనంతం దగ్గరా లోకల్ ఇండెక్స్ 2 అనీ చెబుతుంది. ఆ జవాబుకి ఆచరణలో అర్థం: సంకీర్ణ సంఖ్యల మీద 2×2 మాత్రికలతో సరిపోయిన రిప్రజెంటేషన్‌ని అకరణీయ సంఖ్యలతో, చివరికి వాస్తవ సంఖ్యలతో రాయాలన్నా 4×4 మాత్రికలు కావాలి. క్యారెక్టర్ వైపు నుంచి ఇదే విషయాన్ని ‘ఇండికేటర్’ చెబుతుంది. డైహెడ్రల్ గ్రూపు 2 డిగ్రీ క్యారెక్టర్‌కి +1, క్వాటర్నియన్‌కి −1. విలువల పట్టిక ఒకటే అయినప్పుడు ఇండికేటర్ ఎలా మారింది అంటే, గ్యాప్ టేబుల్‌లో విలువలతో పాటు పవర్ మ్యాపులు కూడా నిల్వ ఉంటాయి, ఏ తరగతి వర్గం ఏ తరగతిలో పడుతుందో వాటిలో ఉంటుంది. విలువలను మాత్రమే పోల్చే ‘ట్రాన్స్‌ఫార్మింగ్ పర్మ్యుటేషన్స్’ ఈ రెండు టేబుళ్లు కుదురుతాయంటుంది. పవర్ మ్యాపులను కూడా చూసే ‘ట్రాన్స్‌ఫార్మింగ్ పర్మ్యుటేషన్స్ క్యారెక్టర్ టేబుల్స్’ మాత్రం ‘ఫెయిల్’ అంటుంది. క్లాసులో ఈ రెండు ఆదేశాలను పక్కపక్కన నడిపి చూపిస్తే, టేబుల్ ఏం దాచుకుంటుందో ఏం పోగొట్టుకుంటుందో ఒక్క పీరియడ్‌లో అర్థమవుతుంది.

ఏ5 మీద అదే వెడర్గా నడిపితే అకరణీయ సంఖ్యల క్షేత్రం, దాని మీద 4×4, 5×5 మాత్రికల ఆల్జీబ్రాలు వచ్చి, 3 డిగ్రీ క్యారెక్టర్లు రెండూ ఒకే ముక్కగా కలిసిపోతాయి: 5 వర్గమూలం చేర్చిన క్షేత్రం మీద 3×3 మాత్రికలు. పరిమాణాలు కూడితే 1 + 16 + 25 + 18, మొత్తం 60. ఆ క్షేత్రాన్ని గ్యాప్ ‘ఎన్ఎఫ్’ అని రాసి 5, 1, 4 అనే సంఖ్యలతో చూపిస్తుంది, మొదటిసారి చూసేవాళ్లు తికమక పడతారు. వెడర్గా రచయితల్లో మన దేశానికి చెందిన గుర్మీత్ కౌర్ బక్షి, సుగంధ మహేశ్వరి ఉన్నారు. మాన్యువల్ కూడా బాగుంటుంది, ఆదేశాలతో పాటు వెనక ఉన్న గణితానికి ఒక పూర్తి అధ్యాయం ఇచ్చారు.

వెడర్గా పని సెమీసింపుల్ (ఇలా సింపుల్ ముక్కలుగా పూర్తిగా విడిపోయే) ఆల్జీబ్రాల వరకే. క్షేత్రం క్యారెక్టరిస్టిక్ గ్రూపు పరిమాణాన్ని భాగిస్తే అది ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది, ఆగడం సరైన పని కూడా. మాష్కే సిద్ధాంతంలో గ్రూపు పరిమాణంతో భాగించాలి, ఆ పరిమాణం సున్నా అయిపోయాక భాగించేదేముంది? అక్కడి నుంచి వేరే పనిముట్లు కావాలి. మూడు సభ్యుల క్షేత్రం మీద ఎస్3 ఆల్జీబ్రాతో వాటిని పరీక్షించడం మంచిది, చేత్తో సరిచూసుకునేంత చిన్నది కాబట్టి.

మొదటి దారి, నేరుగా ఆల్జీబ్రానే అడగడం. ‘రాడికల్ ఆఫ్ ఆల్జీబ్రా’ (సింపుల్ మాడ్యూళ్లన్నిటినీ సున్నా చేసే సభ్యుల భాగం) పరిమాణం 4 ఇస్తుంది. మొత్తం 6, సింపుల్ మాడ్యూళ్లు ట్రివియల్, సైన్ (సరి ప్రస్తారానికి 1, బేసికి −1) రెండే, రెంటికీ పరిమాణం 1, కాబట్టి 6 − 2. రెండు సభ్యుల క్షేత్రం మీదైతే రాడికల్ పరిమాణం 1 మాత్రమే, గ్రూపు సభ్యులందరి మొత్తమే దానికి ఆధారం.

రెండో దారి, క్యారెక్టర్ల వైపు నుంచి. ఎస్3 టేబుల్ పేరు రాసి పక్కన ‘మాడ్ 3’ అంటే బ్రౌవర్ టేబుల్ (క్యారెక్టరిస్టిక్ 3 రిప్రజెంటేషన్లకి క్యారెక్టర్ టేబుల్) వస్తుంది, దాని నుంచి ‘డికంపొజిషన్ మ్యాట్రిక్స్’. ట్రివియల్, సైన్ క్యారెక్టర్లు తమకు తామే నిలుస్తాయి, 2 డిగ్రీది ట్రివియల్ ఒకటి, సైన్ ఒకటిగా విరుగుతుంది. ఆ మాత్రిక ట్రాన్స్‌పోజ్‌ని దానితోనే గుణిస్తే కార్టాన్ మాత్రిక: పై వరుస 2, 1, కింది వరుస 1, 2. పి-సాల్వబుల్ గ్రూపులకు బ్రౌవర్ టేబుల్ లెక్క కడుతుంది. మిగతావాటికి లైబ్రరీలో ఉంటే ఇస్తుంది, లేకపోతే ‘ఫెయిల్’. ఇది గ్యాప్ తప్పేమీ కాదు, సాధారణ పద్ధతి లేని లెక్క అది.

మూడో దారి, క్యూపీఏ ప్యాకేజీ. రెండు బిందువులు, ఒకదాని నుంచి మరోదానికి ఎ అనే బాణం, తిరుగు దిశలో బి అనే బాణం ఉన్న క్వివర్ గీసి, ఎ-బి-ఎ, బి-ఎ-బి అనే రెండు దారులనూ సున్నా చేయండి. మిగిలే ఆధారం రెండు బిందువులు, ఎ, బి, ఎ-బి, బి-ఎ, మొత్తం ఆరు. మూడు సభ్యుల క్షేత్రం మీద ఎస్3 గ్రూప్ ఆల్జీబ్రా సరిగ్గా ఇదే. ‘ఇన్‌డెక్ ప్రొజెక్టివ్ మాడ్యూల్స్’ అడిగితే డైమెన్షన్ వెక్టర్లు 2, 1 ఒకటి, 1, 2 ఒకటి. బ్రౌవర్ టేబుల్ దారిలో వచ్చిన కార్టాన్ మాత్రిక వరుసలే ఇవి. రాడికల్‌లో ఉండేవి బాణాలున్న నాలుగు దారులు, మొదటి దారిలో వచ్చిన 4 కూడా సరిపోయింది. గ్రూపు లెక్క, క్యారెక్టర్ లెక్క, క్వివర్ లెక్క వేరువేరు ప్యాకేజీల్లో, వేరువేరు మనుషులు రాసిన కోడ్‌లో నడిచి ఒకే జవాబుకి చేరడం గ్యాప్ మీద నమ్మకం కలిగించే విషయాల్లో ముందు నిలుస్తుంది. పరిశోధనలో కూడా ఇలా రెండు దారుల్లో లెక్కించి పోల్చుకోవడం అలవాటు చేసుకోవాలి.

ఇక మీట్యాక్స్, మాడ్యూళ్లను ముక్కలుగా విడగొట్టే పనిముట్టు. గ్యాప్‌లోని ఆభరణం ఇది. ఫైనైట్ క్షేత్రం మీద మాత్రికలు ఇచ్చి ‘జీ మాడ్యూల్ బై మ్యాట్స్’ చేసి, ‘ఎంటీఎక్స్’ చుక్క ‘ఈజ్ ఇర్రెడ్యూసిబుల్’, ‘కంపొజిషన్ ఫ్యాక్టర్స్’, ‘ఈజ్ ఇన్‌డికంపోజబుల్’ అని అడుగుతూ పోవచ్చు. రిచర్డ్ పార్కర్ మొదట కట్టిన పద్ధతిని 1994లో డెరెక్ హోల్ట్, సారా రీస్ అన్ని ఫైనైట్ క్షేత్రాలకూ పనికొచ్చేలా విస్తరించారు. అది చేసే పనిలో గ్రూపు ఊసే ఉండదు. ఇచ్చిన మాత్రికలను యాదృచ్ఛికంగా కలిపి గుణించి, అవి పుట్టించే ఆల్జీబ్రాలోంచి ఒక మాత్రికని ఎంచుకుంటుంది. దాని క్యారెక్టరిస్టిక్ బహుపదిని కారణాంకాలుగా విడగొట్టి, ఒక కారణాంకంలో ఆ మాత్రికని ప్రతిక్షేపించి, శూన్యాంతరాళంలోంచి ఒక సదిశని తీసుకుని జనకాలతో తిప్పుతుంది. మొత్తం అంతరాళం నిండకపోతే ఉపమాడ్యూల్ దొరికినట్టే. నిండితే ట్రాన్స్‌పోజ్ వైపు కూడా చూసి, నార్టన్ నియమంతో ఇర్రెడ్యూసిబుల్ అని నిర్ధారిస్తుంది. గ్రూపు ప్రశ్నకి ఆల్జీబ్రా జవాబు చెప్పడం అంటే ఇదే.

వాడేటప్పుడు మూడు జాగ్రత్తలు. మాత్రికల్లో ఒట్టి 1, 0 రాస్తే అవి పూర్ణాంకాలే అవుతాయి, క్షేత్రపు ‘వన్’తో గుణించి క్షేత్ర సభ్యులుగా మార్చాలి. గ్యాప్ వాటిని జెడ్(3) ఘాతాలుగా చూపిస్తుంది, మూడు సభ్యుల క్షేత్రంలో జెడ్(3) అంటే −1. రెండోది, ఇర్రెడ్యూసిబుల్ వేరు, ఆబ్సల్యూట్లీ ఇర్రెడ్యూసిబుల్ వేరు. పరిమాణం 3 ఉన్న సైక్లిక్ గ్రూపుకి రెండు సభ్యుల క్షేత్రం మీద 2 పరిమాణం ఉన్న మాడ్యూల్ ఇర్రెడ్యూసిబులే, కానీ నాలుగు సభ్యుల క్షేత్రానికి వెళ్తే విడిపోతుంది. ఆల్జీబ్రా భాషలో, రెండు సభ్యుల క్షేత్రం ఒకటి, నాలుగు సభ్యుల క్షేత్రం ఒకటి కలిసిన మొత్తమే ఆ గ్రూపు గ్రూప్ ఆల్జీబ్రా. మూడోది, మీట్యాక్స్ అకరణీయ సంఖ్యల మీద పనిచేయదు. ఇది గ్యాప్‌లో నిజమైన లోటు. ఆ అవసరం ఉన్నవాళ్లకి మాగ్మా అనే మరో సాఫ్ట్‌వేర్‌లో సౌకర్యం ఉంది, దానికి లైసెన్సు డబ్బు కట్టాలి.

ఎస్3 మూడు బిందువుల మాడ్యూల్‌ని మూడు సభ్యుల క్షేత్రం మీద మీట్యాక్స్‌కి ఇస్తే ట్రివియల్ రెండుసార్లు, సైన్ ఒకసారి వస్తాయి, మాడ్యూల్ మాత్రం విడిపోదు. క్వివర్ దారిలో వచ్చిన 2, 1 ప్రొజెక్టివ్ మాడ్యూలే ఇది.

ఇప్పుడు వేగం గురించి. ‘గ్రూప్ రింగ్’ కట్టడానికి క్షణం పట్టదు, దాన్ని ఆల్జీబ్రాగా విశ్లేషించమంటేనే ఖర్చు మొదలవుతుంది. ఎస్5కి ఆధారం 120, గుణకార పట్టికలో 14,400 గళ్లు. అక్కడ రాడికల్, ఐడెంపొటెంట్లు అడగొచ్చు. గ్రూపు పరిమాణం వేలల్లోకి పోయాక ఆ దారి మూసుకుపోయినట్టే. జాంకో గ్రూపు జే1 పరిమాణం 1,75,560. దాని గ్రూప్ ఆల్జీబ్రాని కట్టి కూర్చుంటే ఏమీ తేలదు. ‘అట్లాస్ రెప్’ ప్యాకేజీ నుంచి 11 సభ్యుల క్షేత్రం మీద 7×7 మాత్రికలు రెండు తెచ్చుకుంటే, అవి పుట్టించే ఆల్జీబ్రా మొత్తం 7×7 మాత్రికల ఆల్జీబ్రా, పరిమాణం 49. పెద్ద గ్రూపుతో పనిచేసేటప్పుడు గ్రూప్ ఆల్జీబ్రా మొత్తాన్ని కాక, రిప్రజెంటేషన్ ద్వారా దాని ప్రతిబింబాన్ని పట్టుకోవాలి. అట్లాస్ రెప్ ఆ మాత్రికలను ఇంటర్నెట్ నుంచి దించుకుంటుంది, కనెక్షన్ లేకపోతే పని ఆగుతుంది. మెమరీ హద్దు దాటిందని సందేశం వస్తే, మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ‘-ఓ’ అనే ఐచ్ఛికంతో హద్దు పెంచుకోవచ్చు. అయితే ముందు ప్రశ్న సరైన చోట అడిగామా అని చూసుకోవడం ఎక్కువసార్లు అక్కరకొస్తుంది.

సంకీర్ణ మాత్రికలే కావాలనేవాళ్లకి ‘ఇర్రెడ్యూసిబుల్ రిప్రజెంటేషన్స్’ ఆదేశం, ‘రెప్స్న్’ ప్యాకేజీ ఉన్నాయి. చిన్న గ్రూపులకు బాగా నడుస్తాయి. పెద్దవాటికి నెమ్మది, పైగా వచ్చే మాత్రికలు యూనిటరీగా ఉంటాయన్న హామీ లేదు, అవసరానికి మించిన యూనిటీ మూలాలు గళ్లలో కనిపిస్తుంటాయి. క్యారెక్టర్‌తో తీరే పనికి మాత్రికలు అడగకపోవడం మంచిది.

పి-గ్రూపుల (పరిమాణం ఒక ప్రధాన సంఖ్యకి ఘాతమైనవాటి) మాడ్యులర్ ఆల్జీబ్రాల కోసం ‘లగూనా’, ‘మోడ్ఐసమ్’ ప్యాకేజీలున్నాయి. లగూనా యూనిట్ గ్రూపుని చేతికిస్తుంది: రెండు సభ్యుల క్షేత్రం మీద, పరిమాణం 8 ఉన్న డైహెడ్రల్ గ్రూపుకి నార్మలైజ్డ్ యూనిట్లు 128. మోడ్ఐసమ్ చరిత్ర ఆసక్తికరం. పి సభ్యుల క్షేత్రం మీద రెండు పి-గ్రూపుల ఆల్జీబ్రాలు ఒకటే అయితే గ్రూపులు కూడా ఒకటేనా అన్నది చాలాకాలం తేలని ప్రశ్న. బెటినా ఐక్ కంప్యూటర్ మీద 2⁸, 3⁶ పరిమాణాల దాకా సరిచూసి అవునంది. 2022లో గార్సియా-లూకాస్, మార్గోలిస్, డెల్ రియో 512 పరిమాణంలో, అంటే సరిగ్గా ఆ తర్వాతి మెట్టులోనే, వేరువేరు గ్రూపులకు ఒకే ఆల్జీబ్రా ఉందని చూపించారు. 512 పరిమాణం గ్రూపులు 1,04,94,213, అన్నీ గ్యాప్ చిన్న గ్రూపుల లైబ్రరీలో ఉన్నాయి. ఆ జత గ్రూపులను ఎవరైనా తమ ల్యాప్‌టాప్‌లో తెరిచి చూసుకోవచ్చు.

డాక్యుమెంటేషన్ సగం మెప్పు, సగం విసుగు. ప్రాంప్టు దగ్గర ప్రశ్న గుర్తు పెట్టి ఆదేశం పేరు కొడితే వివరం వస్తుంది, ఉదాహరణలు నడిచేవే ఇస్తారు. కానీ గ్రూప్ రింగ్ ఒక అధ్యాయంలో, ఆల్జీబ్రాలు మరోచోట, మీట్యాక్స్ ఇంకోచోట, వెడర్గా, క్యూపీఏ తమ తమ మాన్యువళ్లలో ఉంటాయి. ఒకదాని నుంచి మరోదానికి దారి చూపే పేజీ లేదు. గ్రూపు సభ్యాన్ని గ్రూప్ రింగ్ సభ్యంగా వాడాలంటే ముందు ‘ఎంబెడింగ్’ ద్వారా లోపలికి పంపాలన్న ప్రాథమిక విషయం తెలియక ‘నో మెథడ్ ఫౌండ్’ అనే ఎర్రర్ చూసి వెనక్కి వెళ్లిపోయే విద్యార్థులు చాలామంది ఉంటారు. ఆ ఎర్రర్ వచ్చినప్పుడల్లా మొదట అడగాల్సింది: రెండు వైపులా ఉన్నవి ఒకే చోటుకి చెందిన వస్తువులేనా?

పైథాన్ అలవాటున్నవాళ్లు సేజ్‌మ్యాథ్ ద్వారా వెళ్లొచ్చు, లోపల గ్రూపుల పని చాలావరకు గ్యాప్‌దే. జూలియా వాడేవాళ్లకి ఆస్కార్ ఉంది, అందులోనూ గ్యాప్ ఒక మూలస్తంభం. అకరణీయ సంఖ్యల మీద మాడ్యూళ్లు విడగొట్టే పని రోజూ ఉన్నవాళ్లు, సంస్థ డబ్బు కట్టగలిగితే, మాగ్మా తీసుకోవాలి. ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ మొదటి సంవత్సరం వాళ్లకు, క్యారెక్టర్ టేబుళ్లు, ఫైనైట్ క్షేత్రాల మీద మాడ్యూళ్లు, అకరణీయ గ్రూప్ ఆల్జీబ్రాల నిర్మాణం చూసేవాళ్లకు నేరుగా గ్యాప్‌నే సిఫారసు చేస్తాం. క్యారెక్టర్లకి ఐదుకి ఐదు, మీట్యాక్స్‌కి ఐదు, వెడర్గాకి నాలుగున్నర, సాధారణ ఆల్జీబ్రాల విభాగానికి మూడు. మొదటి వారం ఎస్3, డైహెడ్రల్, క్వాటర్నియన్, ఏ5 ఈ నాలుగింటినే అన్ని ఆదేశాలతోనూ తిప్పి చూడండి, ప్రతి జవాబునీ చేత్తో సరిచూసుకోండి. ఆ తర్వాతే పెద్ద గ్రూపుల జోలికి వెళ్లండి.